రోజుకు పదిహేను గ్రాములు: తక్కువ బరువు బిడ్డల పోషణ అధ్యయనంలో నా అనుభవం

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, కడుపులో పెరగాల్సిన రోజుల్లో వార్డులో పెరగాలి. గర్భంలోనే ఉండి ఉంటే ఆ వారాల్లో రోజుకు, ప్రతి కిలో బరువుకు, 15 గ్రాములకు తగ్గకుండా పెరిగేది. మా లెక్కలకు గీటురాయి అదే. కిలోన్నర బిడ్డకైతే రోజుకు 22 గ్రాములన్నమాట. నవజాత శిశువుల వార్డులో ఉండే త్రాసులు 5 గ్రాముల దాకానో 10 గ్రాముల దాకానో చూపిస్తాయి. బిడ్డ చేతికి కట్టిన అట్ట, క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం), దాని మీద చుట్టిన ప్లాస్టరు కలిస్తే ఒక రోజు పెరుగుదలను మింగేసేంత బరువు ఉండొచ్చు. శిశు పోషణ పరిశోధన అంటే ల్యాబు పని అనుకుంటారు గాని, నేను చూసినంతలో ముప్పావు వంతు పని త్రాసు దగ్గర, పాల చార్టు దగ్గర, బాలింత మంచం పక్కన జరుగుతుంది. చెడితే కూడా అక్కడే చెడుతుంది.

ముందు ప్రశ్న. ఫలానా పద్ధతిలో పాలిస్తే ఎక్కువమంది బిడ్డలు బతుకుతారా అన్నది అందరికీ కావాల్సిన ప్రశ్న. కానీ మరణాలు 15 శాతం నుంచి 12 శాతానికి తగ్గితే, ఆ తేడాను 80 శాతం అవకాశంతో పట్టుకోవడానికి, పోల్చి చూసే రెండు గుంపుల్లో ఒక్కోదానిలో 2,000 మందికి పైగా బిడ్డలు కావాలి. అదే పెరుగుదలలో రోజుకు కిలోకు 2 గ్రాముల తేడా చూడాలంటే, బిడ్డల మధ్య ప్రామాణిక విచలనం (సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉంటారో చూపే కొలత) 5 గ్రాములు అనుకుంటే, గుంపుకు 100 మంది సరిపోతారు. ఒక్క ఆసుపత్రిలో, రెండు మూడేళ్ల గ్రాంటుతో చేసేవాళ్లంతా బరువు వైపే మొగ్గడానికి కారణం ఈ లెక్కే. అందులో తప్పు లేదు. కాకపోతే బరువు పెరగడం వేరు, బిడ్డ బాగుండడం వేరు. సెప్సిస్‌తో, అంటే ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్‌తో, ఒళ్లు నీరు పట్టిన బిడ్డ కూడా త్రాసు మీద పెరిగినట్టే కనిపిస్తుంది.

బతుకుల ప్రశ్నకు జవాబు రాబట్టాలంటే చాలా ఆసుపత్రులు చేతులు కలపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన తక్షణ కంగారూ సంరక్షణ అధ్యయనం అలాంటిది. ఘనా, భారత్, మలావి, నైజీరియా, టాంజానియాలలోని ఐదు ఆసుపత్రులు, 1 కిలో నుంచి 1.799 కిలోల మధ్య పుట్టిన 3,211 మంది బిడ్డలు. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి చేరింది. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టగానే తల్లి ఎదకు హత్తుకుని ఉంచితే, 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12.0 శాతానికి దిగాయి. లాభం తేటతెల్లం కావడంతో అనుకున్న సంఖ్య నిండకముందే కొత్త బిడ్డలను చేర్చుకోవడం ఆపేశారు. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆ తర్వాత పాల మీద ఏ అధ్యయనం రాసినా, రెండు గుంపుల బిడ్డలూ రోజుకు ఎన్ని గంటలు తల్లి ఎద మీద ఉన్నారో నమోదు చేయక తప్పదు. ఆ గంటలు రెండు గుంపుల్లో వేరుగా ఉంటే పాల ఫలితం ఏదో, ఒడి ఫలితం ఏదో విడదీయలేం.

డబ్బు విషయం ఒక్క మాటలో తేల్చేస్తాను. 1992లో వచ్చి 2003లో సవరించిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం, డబ్బాపాల కంపెనీలు ఆరోగ్య సిబ్బందికి పరిశోధన పేరుతో గానీ, సదస్సు పేరుతో గానీ సొమ్ము ఇవ్వకూడదు. ఉచితంగా పాలపొడి ఇస్తాం, చిన్న అధ్యయనం చేయండి అని ఎవరైనా వస్తే గేటు దగ్గరే పంపించేయాలి. నైతిక సంఘం అనుమతి, ఆపైన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు, ఈ రెండూ మొదటి బిడ్డను చేర్చుకోకముందే పూర్తవ్వాలి. తర్వాత చేర్చుదాంలే అంటే కుదరదు.

అంగీకారపత్రం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. సిజేరియన్ అయి మత్తు దిగని తల్లి ఒకచోట, బిడ్డ ఇంకో అంతస్తులో, చేతిలో మందుల చీటీతో తండ్రి వరండాలో. ఆ గంటలో ఏ కాగితం పెట్టినా తండ్రి సంతకం పెట్టేస్తాడు, అది ఆపరేషన్ కాగితమో అధ్యయనం కాగితమో కూడా చూడడు. అలా తెచ్చుకున్న సంతకానికి చట్టప్రకారం విలువ ఉండొచ్చు గాని, మూడో వారం మేం వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు తలుపు తీసేవాళ్లు ఉండరు. వీలున్నచోట నొప్పులు రాకముందే, గర్భిణుల వార్డులో ఉండగానే అధ్యయనం గురించి చెప్పి ఉంచుతాం. కాన్పయ్యాక తల్లి కాస్త లేచి కూర్చున్నప్పుడు, ఆమె అమ్మ కూడా పక్కన ఉన్నప్పుడు మళ్లీ చెప్పి అడుగుతాం. ఎవరు ఏ గుంపులోకి వెళ్తారన్నది చీటీలు వేసి తీస్తే పేరు తగిలినట్టేనని, డాక్టరుకు కూడా ముందు తెలియదని చెబితే అర్థమవుతుంది. వేలిముద్ర వేసేవాళ్లకు బయటి సాక్షి కావాలి, వార్డు సిస్టరు సాక్షి కింద చెల్లదు. కవలలు పుడితే ఇద్దరినీ ఒకే గుంపులో వేయాలని ప్రొటోకాల్‌లోనే, అంటే అధ్యయనం నడిపే పద్ధతి రాసిన పత్రంలోనే, రాసుకోవాలి. వేర్వేరు గుంపుల్లో వేస్తే ఇంటికెళ్లాక ఏ సీసా ఎవరిదో అన్న పట్టింపు ఉండదు, ఇద్దరికీ అన్నీ పోస్తారు.

చేర్చుకోవడానికి రెండు అంకెలు కావాలి, పుట్టిన బరువు, నిండిన వారాలు. 2,500 గ్రాములకు తక్కువైతే తక్కువ బరువు, 1,500కు తక్కువైతే అతి తక్కువ బరువు. లేబర్ రూమ్ రిజిస్టరు తిరగేస్తే 2.5 కిలోల దగ్గర అంకెలు కుప్పపడి ఉంటాయి. 2,460 ఉన్న బిడ్డ 2.5 అయిపోతుంది, ఎవరికీ తలనొప్పి ఉండదు. పరిశోధనకు ఆ రిజిస్టరు పనికిరాదు. మా త్రాసు మీద, మా మనిషి, పుట్టిన గంట నుంచి ఆరేడు గంటల్లోపు తూచిందే లెక్క. వారాల సంగతి ఇంకా చిక్కు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ ఉంటే అదే ప్రమాణం. లేకపోతే చివరి నెలసరి తేదీ అడగాలి. తేదీ అడిగితే చాలామంది చెప్పలేరు, తిథి గాని పండుగ గాని అడిగితే చెబుతారు. "దసరా వెళ్లాక వచ్చిన అమావాస్యకు రెండు రోజుల ముందు" అంటే పంచాంగం తీసి తేదీ కట్టుకోవచ్చు. మా దగ్గర గత రెండేళ్ల పంచాంగాలు, ఊరి జాతరల తేదీల పట్టిక ఫైలులో ఉంటాయి. ఈ రెండూ లేనప్పుడే బల్లార్డ్ పరీక్ష. చర్మం, చెవి మృదులాస్థి, అరికాలి గీతలు, కండరాల బిగువు చూసి వేసే అంచనా రెండు వారాలు అటూ ఇటూ ఉంటుంది. 32 వారాలు, 34 వారాలు అన్న తేడాతో బిడ్డ ట్యూబు నుంచి రొమ్ముకు మారే ఈ పనిలో రెండు వారాలు చిన్న సంగతి కాదు.

చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కుదురుకునేది దాదాపు 34 వారాలకు. అంతకన్నా ముందు పుట్టినవాళ్లలో 32 దాటినవాళ్లకు ఉగ్గుగిన్నెతో, దాటనివాళ్లకు నోటి ట్యూబుతో తల్లిపాలు పిండి పోస్తారు. ఎంత పోయాలన్నది కిలోల లెక్క. 1,400 గ్రాముల బిడ్డకు మొదటి రోజు కిలోకు 80 మి.లీ. చొప్పున 112 మి.లీ., రెండు గంటలకోసారి అంటే 12 సార్లు, సారికి 9.3 మి.లీ. చార్టులో ఒక సిస్టరు 9 రాస్తుంది, ఇంకొకరు 10 రాస్తారు. 10 అయితే రోజు మొత్తం కిలోకు దాదాపు 86 మి.లీ. అవుతుంది. సగానికి పైనుంటే పైకి, లేకుంటే కిందికి అని ముందే రాసి గోడకు అంటించకపోతే రెండు గుంపుల మధ్య తేడా ఈ గుండ్రింపుల్లోనే పుట్టుకొస్తుంది. ఏ బరువుతో లెక్కగట్టాలన్నదీ అంతే. మొదటి రోజుల్లో నెలలు నిండని బిడ్డ బరువు 10 నుంచి 15 శాతం దాకా తగ్గుతుంది, పుట్టిన బరువుకు మళ్లీ చేరడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ మధ్యలో రోజువారీ బరువుతో లెక్కగడితే, తగ్గిన బిడ్డకు పాలు కూడా తగ్గిపోతాయి. అందుకే పుట్టిన బరువు తిరిగి వచ్చేదాకా ఆ బరువుతోనే లెక్క కట్టాలి.

రోజుకు ఎంత పెంచుకుంటూ పోవాలన్న దాని మీద చాలా ఏళ్లు గుంజాటన నడిచింది. త్వరగా పెంచితే పేగు దెబ్బతింటుందని భయం. బ్రిటన్, ఐర్లండ్‌లలో 2,804 మంది బిడ్డల మీద జరిగి 2019లో అచ్చయిన అధ్యయనంలో రోజుకు కిలోకు 18 మి.లీ. పెంచినా 30 మి.లీ. పెంచినా రెండేళ్ల వయసుకు మధ్యస్థ లేదా తీవ్ర వైకల్యం లేకుండా బతికున్నవాళ్లలో తేడా రాలేదు. మన వార్డుల్లో సెలైన్ లైన్ ఎంత తొందరగా తీసేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు అంత తగ్గుతుంది కాబట్టి, నా మొగ్గు 30 వైపే. చివరికి చేరాల్సింది కిలోకు 150 నుంచి 180 మి.లీ.

అన్ని పాలు పోసినా ప్రోటీన్ చాలదు. కాన్పయిన కొన్ని వారాల తర్వాతి తల్లిపాలలో 100 మి.లీ.కి సుమారు 1 గ్రాము ప్రోటీన్ ఉంటుంది. కిలోకు 180 మి.లీ. పోస్తే వచ్చేది 1.8 గ్రాములు, ఈ బిడ్డలకు కావాల్సింది కిలోకు 3.5 నుంచి 4 గ్రాములు. మొదటి వారాల్లో నెలలు నిండని తల్లుల పాలలో ప్రోటీన్ కాస్త ఎక్కువే ఉంటుంది గాని, అది త్వరలోనే పడిపోతుంది. అందుకే అతి తక్కువ బరువు బిడ్డల పాలలో పోషకాల పొడి కలుపుతారు. ప్యాకెట్ మీద ఎన్ని మి.లీ. పాలకు ఒక సాచెట్ అన్నది రాసి ఉంటుంది. బిడ్డకు ఆ పూట కావాల్సింది అందులో సగం ఉంటే, సగం సాచెట్ అంచనాగా చల్లడం వార్డుల్లో మామూలు. అధ్యయనంలో ఆ పద్ధతి పనికిరాదు. సాచెట్ మొత్తానికి సరిపడా పాలు కొలిచి, కలిపి, ఆ పూటది పోసి, మిగిలింది పారేయాలి. తల్లి పిండిన పాలు పారేయడం చూడలేక సిస్టర్లు తర్వాతి పూటకు దాస్తారు. దాచినదాంట్లో గంటలు గడిచేకొద్దీ కరిగిన పదార్థాల గాఢత పెరుగుతుంది, క్రిములు పెరుగుతాయి.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. పాలలోని కొవ్వు పైకి తేలి సిరంజి గోడకు, ట్యూబు లోపలికి అంటుకుపోతుంది. సిరంజిని పడుకోబెట్టి పంపుతో గంటల తరబడి ఎక్కిస్తే ఈ నష్టం ఎక్కువ, సిరంజిని నిలబెట్టి ఒక్కసారిగా వదిలితే తక్కువ. ఉగ్గుగిన్నె అయితే కారిపోవడం సమస్య. బిడ్డ గడ్డం కింద గాజుగుడ్డ పెట్టి, పాలు పట్టేముందు, పట్టాక తూస్తే ఎంత కారిందో తెలుస్తుంది, గ్రాముకు ఇంచుమించు ఒక మి.లీ. కొత్తగా నేర్చుకుంటున్న చేతిలో పది మి.లీ.లో రెండు మూడు గుడ్డకే పోతాయి. చార్టులో మాత్రం 10 అనే ఉంటుంది.

పాల బ్యాంకు నుంచి తెచ్చిన పాలు పోస్తే దాన్ని వేరే గడిలో రాయాలి. 1989లో ముంబై సయన్ ఆసుపత్రిలో మొదలైన ఈ ఏర్పాటు 2017లో హైదరాబాద్ నిలోఫర్‌లో 'ధాత్రి' పేరుతో వచ్చింది. దాత పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉంచి శుద్ధి చేస్తారు. ఆ వేడికి కొవ్వును అరిగించే లైపేజ్ ఎంజైమ్ చచ్చిపోతుంది. పైగా దాతలు ఎక్కువమంది నెలలు నిండి కన్నవాళ్లు, బిడ్డకు కొన్ని నెలలు వచ్చినవాళ్లు, వాళ్ల పాలలో ప్రోటీన్ తక్కువ. డబ్బాపాల కన్నా పేగుకు ఇది చాలా మేలు, అందులో నాకు సందేహం లేదు. కానీ తల్లి పాలు, దాత పాలు ఒకే గడిలో కలిపి 'తల్లిపాలు' అని రాసేస్తే, బిడ్డ ఎందుకు నెమ్మదిగా పెరిగిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

పాల నమూనా తీసేటప్పుడు తొలి చుక్కలు గాని, చివరి చుక్కలు గాని పట్టకూడదు. మొదట వచ్చే పాలు పలచగా, చివర వచ్చేవి వెన్నతో చిక్కగా ఉంటాయి. ఒక రొమ్ము పూర్తిగా పిండి, మెల్లగా తిప్పి కలిపి, అందులో 5 మి.లీ. మాత్రం తీసుకుని, మిగతాది బిడ్డకు ఇచ్చేయాలి. గడ్డకట్టించి కరిగించిన నమూనాలో వెన్న గోడకు అంటుకుని ఉంటుంది, గోరువెచ్చగా చేసి కలపకుండా యంత్రంలో పెడితే కొవ్వు తక్కువ చూపిస్తుంది.

ఇక తూకం. త్రాసు కదలని గట్టు మీద, లెవెల్ బుడగ నడిమధ్య ఉండేలా పెట్టాలి. పైన ఫ్యాను ఆపాలి, ఏసీ గాలి నేరుగా పడకూడదు. పొద్దున్నే 500 గ్రాములు, 1 కిలో, 2 కిలోల ముద్రవేసిన తూనికరాళ్లతో సరిచూసి పుస్తకంలో రాయాలి. బిడ్డ ఒళ్లు 36.5 డిగ్రీలకు తక్కువ ఉంటే ఆ పూట తూకం వాయిదా. వెచ్చచేసిన గుడ్డ పళ్లెంలో పరిచి సున్నా చేసి, బట్టలు, టోపీ, మేజోళ్లు తీసి, పాలు పట్టకముందు పడుకోబెట్టాలి. చేతి అట్ట, క్యాన్యులా, ప్లాస్టరు వార్డులో వాడే ఒక్కో సైజూ ముందే తూచి పట్టిక కట్టుకుంటాం, చూపిన బరువులోంచి అది తీసేస్తాం. ఒకసారి తూచి, ఎత్తి, మళ్లీ సున్నా చేసి రెండోసారి తూచాలి. మొదటి అంకె రెండోసారి చూసేవాళ్లకు వినపడకూడదు. వినపడితే రెండోది అదే వస్తుంది, అది మనిషి నైజం. తేడా 10 గ్రాములు మించితే మూడోసారి తూచి, దగ్గరగా ఉన్న రెండింటి సగటు వేస్తాం. తూచేవాళ్లకు బిడ్డ ఏ గుంపులో ఉందో తెలియకూడదు. పాలు పట్టేవాళ్లకు తెలియకుండా దాచడం ఈ అధ్యయనాల్లో చాలాసార్లు సాధ్యం కాదు, తూచేవాళ్లకైనా దాచాలి. బిడ్డ తల్లి ఎద మీద ఉంటే త్రాసే మంచం దగ్గరికి పోవాలి, కొలత కోసం బిడ్డను అరగంట విడదీస్తే కొలిచేదాన్ని మనమే పాడుచేసుకున్నట్టు.

ఇంతా చేశాక అంకెలు నిజమైనవో కావో పట్టుకునే చిట్కా ఒకటుంది. 5 గ్రాముల త్రాసు మీద చివరి అంకె 0 గాని 5 గాని కావాలి, రెండూ సగం సగం రావాలి. నెలాఖరున లెక్కవేసి చూస్తే 0 డెబ్బై శాతం ఉందంటే ఎవరో గుండ్రించి రాస్తున్నారు. పాల చార్టుకూ ఇదే పరీక్ష. రాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా 10, 10, 10, 10 అని ఒకే కలంతో, ఒకే వాలుతో ఉంటే అవన్నీ తెల్లవారుజామున ఒకేసారి రాసినవే. ఇద్దరు సిస్టర్లు ఇరవై ముప్పై మంది బిడ్డలను చూసుకునే రాత్రిళ్లలో వాళ్లను తిట్టి లాభం లేదు. చార్టును డెస్కు మీద నుంచి బిడ్డను వెచ్చగా ఉంచే వార్మరుకు మార్చి, దానికి పెన్ను కట్టేస్తే సగం తగ్గుతుంది.

పొడవు కొలవడానికి ఇద్దరు కావాలి, తల పట్టుకునేవాళ్లొకరు, మోకాలు నొక్కి పాదపు పలక జరిపేవాళ్లొకరు. ఒక్కరే కొలిచిన పొడవును నేను చేర్చను. తల చుట్టుకొలత మొదటి రోజు కాన్పు ఒత్తిడికి సాగి ఉంటుంది, రెండు మూడు రోజులకు మళ్లీ తీయాలి.

డిశ్చార్జ్ తర్వాత బిడ్డ చేజారకుండా చూసుకోవడమే పెద్ద పని. దరఖాస్తులో రాసే చిరునామా అత్తగారి ఊరిది, ఆధార్‌లో ఉన్నది. బిడ్డ ఉండేది అమ్మగారి ఊళ్లో, మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా. అందుకే రెండు ఊళ్లు, ఇద్దరు తాతల ఫోన్లు, రెండు ఊళ్ల ఆశా కార్యకర్తల నంబర్లు తీసుకోవాలి. బారసాల అయ్యేదాకా పేరుండదు, 'ఫలానా ఆమె బిడ్డ' అనే ఉంటుంది. ఒకే వార్డులో ఒకే పేరున్న తల్లులు ముగ్గురుంటారు. అధ్యయనం నంబరే కాలి పట్టీ మీద, కార్డు మీద, ఫోన్ జాబితాలో ఉండాలి. పురిటి మైల రోజుల్లో, మంగళవారం, అమావాస్య నాడు పసిబిడ్డతో బయలుదేరమంటే రారు. 28వ రోజు కొలతకు ముందు వెనుక మూడేసి రోజుల వెసులుబాటు పెట్టుకుని, ఆ మధ్య మంచి రోజు వాళ్లనే చెప్పమంటే వస్తారు. ఆశాలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఎలాగూ ఇంటికి వెళ్తారు. ఆ రోజులతో మా రోజులు కలుపుకుంటే ఇంటివాళ్లకు చిరాకు ఉండదు. అయితే ఆశా స్ప్రింగు త్రాసు తూకం ఆమె పనికి చాలు గాని, మా లెక్కకు పనికిరాదు.

ఇంటి దగ్గర అడిగే ప్రశ్నల్లో కష్టమైనది తేలిగ్గా కనిపించేదే.

"పాపకు నీ పాలు కాకుండా ఇంకేమైనా పడుతున్నావా అమ్మా?"

"లేదు మేడం, నా పాలే."

"నిన్న పొద్దున్నుంచి చెప్పు. నీళ్లేమైనా?"

"ఎండలకు నాలుక పిడచగట్టుకుపోతోందని మా అమ్మ రెండు చెంచాలు పోసింది. అంతే."

"గ్రైప్ వాటర్?"

"అది మందు కదా మేడం. రోజూ రాత్రి పోస్తాం."

"వస?"

"నీళ్లు పోశాక నాకిస్తాం. మాటలు బాగా రావాలని."

మొదటి జవాబులో అబద్ధం లేదు. ఆమె లెక్కలో ఇవేవీ ఆహారం కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలో తల్లిపాలు మాత్రమే అంటే విటమిన్ చుక్కలు, డాక్టరు రాసిన మందులు, ఓఆర్ఎస్ ఇవ్వొచ్చు, నీళ్లు కుదరవు. కాబట్టి పదార్థాల పేర్లు ఒక్కొక్కటీ చదివి అడగాలి. నీళ్లు, పంచదార నీళ్లు, తేనె, ఆముదం, వస, గ్రైప్ వాటర్, ఆవుపాలు, గేదెపాలు, ప్యాకెట్ పాలు, డబ్బాపాలు, జావ. తేనె ఉందని తేలితే రాసుకుని ఊరుకోకూడదు. ఏడాది లోపు బిడ్డకు తేనెతో బొట్యులిజం (కండరాలను చచ్చుబరిచే జబ్బు) రావొచ్చు, అక్కడే చెప్పాలి. అడిగే మనిషి యూనిఫారంలో ఉన్నా, నిన్నటిదాకా తల్లిపాల గురించి పాఠం చెప్పిన ఆశాయే అయినా వినపడేది పాఠంలోని జవాబే. వేరే మనిషి అడగాలి, వీలైతే నీళ్లు పోసే అమ్మమ్మను కూడా కూర్చోబెట్టుకుని. "పెద్దమ్మా, మీ కాలంలో పసివాళ్లకు ఏమేం పట్టేవారు?" అంటే అసలు సంగతి ఆమె దగ్గరే దొరుకుతుంది.

నిన్నటి రోజు అడగడం వేరు, పుట్టినప్పటి నుంచి అడగడం వేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఆరు నెలల్లోపు పిల్లల్లో 63.7 శాతం తల్లిపాలు మాత్రమే తాగుతున్నారన్నది నిన్నటి రోజు లెక్క, అదీ అన్ని వయసుల వాళ్లనూ కలిపి. ఆరు నెలలు పూర్తిగా తల్లిపాలతోనే గడిచినవాళ్లు అంతకన్నా తక్కువే ఉంటారు. చాలా వ్యాసాలు ఈ రెంటినీ కలిపేస్తాయి. మాట మీద ఆధారపడకుండా తేల్చే పద్ధతి డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, ఆనవాలుగా వాడడం. తల్లి అది ఉన్న నీటిని, అంటే భారజలాన్ని, 30 గ్రాములు తాగుతుంది, రెండు వారాల పాటు తల్లీబిడ్డల లాలాజలం తీసి చూస్తే బిడ్డ ఎంత పాలు తాగిందో, బయటి నుంచి ఎంత నీరు వచ్చిందో రెండూ తెలుస్తాయి. ఖర్చు ఎక్కువ కాబట్టి అందరికీ చేయలేం. కొందరిలో చేసి, మన ప్రశ్నపత్రం ఎంత తప్పుతోందో చూసుకోవడానికి వాడాలి.

ఆరు నెలల తర్వాత లెక్క తిండి మీదికి వస్తుంది. 6 నుంచి 8 నెలల బిడ్డకు తల్లిపాలు కాక రోజుకు సుమారు 200 కిలో క్యాలరీలు కావాలి. గ్లాసుడు నీళ్లలో 10 గ్రాముల రాగిపిండి వేసి కాచిన జావ మొత్తం తాగినా వచ్చేది 32 కిలో క్యాలరీల చుట్టుపక్కలే, కడుపు మాత్రం నిండిపోతుంది. ఒక చెంచా నెయ్యి, 5 గ్రాములు, ఒక్కటే 45 ఇస్తుంది. అందుకే 'ఏం పెట్టారు' అన్న ప్రశ్నకు 'జావ' అని రాసుకుంటే ఏమీ తెలియదు. ఇంట్లోని గిన్నె, చెంచా తెప్పించి, పిండి ఎంత, నీళ్లు ఎంత, బిడ్డ ఎంత వదిలింది చూపించమని నీళ్లతోనే కొలవాలి. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం ప్యాకెట్ రెండున్నర కిలోలు నెలకు సరిపోవాలి. అక్కాతమ్ముళ్లు ఉన్న ఇంట్లో వారం పది రోజుల్లో అయిపోతుంది, అది ఒక్కరే తిన్నట్టు లెక్కవేయకూడదు.

లెక్కగట్టే దగ్గర ఇంకో గొడవ. పదో రోజున 1,200, ఇరవై నాలుగో రోజున 1,500 గ్రాములు ఉన్న బిడ్డ పెరుగుదల ఎంత? 300 గ్రాములను 14 రోజులతో, మొదటి బరువుతో భాగిస్తే రోజుకు కిలోకు 17.9 గ్రాములు. రెండు బరువుల నిష్పత్తికి సహజ సంవర్గమానం తీసి 1000తో గుణించి రోజులతో భాగిస్తే 15.9. అదే బిడ్డ, అవే తూకాలు, 2 గ్రాముల తేడా. మనం వెతుకుతున్న ఫలితమంత. ఎప్పటి నుంచి మొదలుపెట్టాలన్నది కూడా అంతే ముఖ్యం. పుట్టిన రోజు నుంచి లెక్కిస్తే తగ్గిన బరువు కూడా కలుస్తుంది, బరువు తిరిగొచ్చిన రోజు నుంచి లెక్కిస్తే కలవదు. ఏ సూత్రం, ఏ రోజు నుంచి అన్నది డేటా చూడకముందే రాసి పెట్టాలి. నెలలు నిండని బిడ్డను ఏ పెరుగుదల పటం మీద పెట్టాలన్న వాదనలో నేను ఇంటర్‌గ్రోత్-21 పటం వైపు ఉంటాను. అది నెలలు నిండని బిడ్డలనే నిజంగా వెంబడించి కట్టింది, తల్లి చివరి నెలసరి నుంచి లెక్కిస్తే 27 నుంచి 64 వారాల దాకా. కానీ అందులో ఉన్నది 201 మంది బిడ్డలే, మరీ ముందు పుట్టినవాళ్లు చాలా కొద్దిమంది. ఆ తర్వాత 2006 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ పటం, సవరించిన వయసుతో. 32 వారాలకు పుట్టిన బిడ్డ 12 వారాలప్పుడు పటం మీద 4 వారాల బిడ్డే.

చివరిది, చాలామంది దాటేసేది. చనిపోయిన బిడ్డకు, ప్రైవేటుకు మార్చుకుని తీసుకెళ్లిన బిడ్డకు 28వ రోజు బరువుండదు. ఒక గుంపులో బలహీనమైన బిడ్డలు ఎక్కువమంది బతికి ఉంటే, వాళ్ల తక్కువ బరువులే ఆ గుంపు సగటును కిందికి లాగుతాయి. బతికించిన పద్ధతే బరువు పట్టికలో ఓడిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే నా పట్టికల్లో మొదటి వరుస బరువు కాదు. ఎంతమంది చేరారు, ఎంతమంది చనిపోయారు, ఎంతమంది ఎక్కడికి వెళ్లారో తెలియలేదు అన్నవి గుంపుల వారీగా ముందు వస్తాయి, బరువుల సగటు ఆ కింద వస్తుంది. కనిపించకుండా పోయినవాళ్లందరూ ఒకే గుంపులో కుప్పపడి ఉంటే, బరువు తేడాకు ఎంత చక్కటి అంకె వచ్చినా దాన్ని నేను సారాంశంలో రాయను.